తెచ్చినవాడే తీర్చిదిద్దాలి

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, అందులోనూ గడ్డపెరుగుతో భోజనాలయ్యాక, ఒక బేస్‌బాల్ కోచ్ గురించి ప్రసంగమంటే ఎవరుంటారులే అనుకున్నాను. హాలు నిండుగానే ఉంది. మీలో సగం మంది పిల్లల్ని ఈ ప్రాక్టీసుకీ ఆ టోర్నమెంటుకీ కార్లో తిప్పుతున్న అమ్మానాన్నలని మొహాల్లో అలసట చూస్తేనే తెలుస్తోంది. మిగతా సగానికి క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎక్కదు. ఇద్దరికీ పనికొచ్చేలా చెప్పడానికి చూస్తాను.

నేను మాట్లాడబోయేది టోనీ విటెల్లో గురించి. 2025 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ వాళ్లు ఆయన్ని మేనేజరుగా, అంటే జట్టుకి ప్రధాన కోచ్‌గా, తీసుకున్నారు. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఆటగాడిగా గానీ కోచ్‌గా గానీ ఒక్కరోజు కూడా పని చెయ్యని మనిషి, కాలేజీ మైదానంలోంచి నేరుగా మేజర్ లీగ్ (అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై లీగ్) మేనేజరు కుర్చీలోకి వెళ్లడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. పేపర్లన్నీ ఆ సంగతే రాశాయి. నాకు మాత్రం దానికన్నా ఆయన పేరు ఎవరికీ తెలియని రోజులమీదే ఎక్కువ ఆసక్తి. 2003 నుంచి 2017 దాకా, 15 సీజన్లు, ఆయన అసిస్టెంట్ కోచ్. మూడు యూనివర్సిటీలు మారాడు. బ్యాటింగ్ నేర్పడం, కుర్రాళ్లని వెతికి తేవడం, ముఖ్యంగా ఈ రెండు పనులతో పైకొచ్చాడు.

ఈ రెండు పనులూ ఒకే మనిషి నెత్తిన ఎందుకు పడతాయో ముందు చెప్పాలి. 2023 వేసవి దాకా ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలని నడిపే సంఘం) నిబంధనల ప్రకారం ఒక కాలేజీ బేస్‌బాల్ జట్టుకి హెడ్ కోచ్ కాకుండా జీతమిచ్చే అసిస్టెంట్లు ఇద్దరే ఉండాలి. మూడో వాడు వాలంటీర్. పేరుకి కోచే, యూనివర్సిటీ నుంచి జీతం రాదు; వేసవి క్యాంపుల్లో చిన్నపిల్లలకి ఆట నేర్పి ఇల్లు గడుపుకోవాలి. ఊళ్లు తిరిగి ఆటగాళ్లని ఎంచే హక్కు కూడా అతనికి ఉండేది కాదు. ఇక మిగిలింది ఇద్దరు. ఒకరు పిచర్లని, అంటే బంతి వేసేవాళ్లని, చూసుకుంటారు. రెండోవాడు బ్యాటర్లని చూసుకుంటూ, చాలా చోట్ల రిక్రూటింగ్ బాధ్యత కూడా మోస్తాడు. డబ్బు పొదుపు కోసం పెట్టిన నియమమే ఇలాంటి ఉద్యోగాన్ని పుట్టించింది. ఇప్పుడు ఆ వాలంటీర్ పదవి తీసేసి, ముగ్గురు అసిస్టెంట్లకీ జీతం ఇవ్వొచ్చన్నారు. చాలా ఆలస్యంగా వచ్చిన బుద్ధి అని నా అభిప్రాయం.

నా దృష్టిలో ఈ రెండు పనులూ కలవడంలోనే కిటుకంతా ఉంది. కంపెనీల్లో చూడండి. ఉద్యోగంలోకి తీసుకునే హెచ్ఆర్ వాళ్లు వేరు, తర్వాత పని చేయించుకునే మేనేజరు వేరు. హెచ్ఆర్ ఏం ఆశపెట్టినా మేనేజరుకి సంబంధం లేదు. ఇక్కడ అలా కుదరదు. పదహారేళ్ల కుర్రాడింట్లో సోఫాలో కూర్చుని, వాళ్లమ్మకి "మీవాణ్ని మంచి హిట్టర్ని చేస్తాను" అని మాటిచ్చినవాడే, రెండేళ్ల తర్వాత ఆ కుర్రాడు వరసగా స్ట్రయికౌట్ అవుతుంటే, అంటే బంతి కొట్టలేకే ఔటవుతుంటే, కేజ్‌లో (వల కట్టిన బ్యాటింగ్ ప్రాక్టీసు చోటు) ఎదురుగా నిలబడాలి. నేను కాదు, ఇంకెవరో తెచ్చారు అని చేతులు దులుపుకోవడానికి లేదు.

ముందు బ్యాటింగ్ సంగతి. పిచర్ నిలబడే చోటునుంచి బ్యాటర్ ముందుండే హోమ్‌ప్లేట్‌కి దూరం 60 అడుగుల 6 అంగుళాలు. పెద్ద కాలేజీల్లో గంటకి 95 మైళ్ల వేగంతో వేసే కుర్రాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అంటే 153 కిలోమీటర్లు. ఆ బంతి చేతిలోంచి వదిలాక ప్లేట్ దగ్గరికి రావడానికి పట్టేది సుమారు 0.4 సెకను. మన క్రికెట్‌లో అయితే వదిలెయ్యొచ్చు, అడ్డుకోవచ్చు, ఓపికుంటే రోజంతా క్రీజులో ఉండిపోవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ఒక మ్యాచ్‌లో నాలుగైదు సార్లు వంతు వస్తుంది, అంతే. పది సార్లలో మూడు సార్లు హిట్ కొడితే, అంటే బంతిని కొట్టి ఔటవకుండా బేస్ చేరితే, మంచి హిట్టర్ అంటారు. దీనర్థం ఏమిటంటే హిట్టింగ్ కోచ్ రోజూ చూసేది ఎక్కువగా వైఫల్యాన్నే. హైస్కూల్లో జిల్లాకే మొనగాడైన కుర్రాడు కాలేజీకి వచ్చిన మొదటి నెలలో ముప్పైసార్లు బ్యాటు పట్టి ఐదుసార్లే కొట్టగలిగితే, అప్పుడు బాగుచెయ్యాల్సింది వాడి చేతులు కాదు, వాడి తల.

ఫోర్ట్‌వర్త్ మనకి గంట దూరం కూడా లేదు. ఎప్పుడైనా లుప్టన్ స్టేడియంలో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మ్యాచ్‌కి గంటన్నర ముందు వెళ్లండి, ఈ పని ఎలా ఉంటుందో కంటికి కనిపిస్తుంది. కోచ్ ఒక వల తెర వెనక, బంతుల బకెట్ మూతమీద కూర్చుంటాడు. పదిహేను, ఇరవై అడుగుల నుంచి మెల్లగా, చేతి కింది నుంచి బంతులు విసురుతుంటాడు. చూసేవాళ్లకి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఆ విసరడంలో వరస ఉంటుంది. నాలుగు బంతులు బయటి అంచుకి, వాటిని తను నిలబడ్డ వైపుకి కాక, మైదానంలో దానికి ఎదుటివైపే కొట్టాలి. తర్వాత రెండు లోపలికి. ఆ తర్వాత ఒకటి కావాలని బయటికి విసురుతాడు, దాన్ని కొట్టకూడదు. కొడితే కోచ్ ఏమీ అనడు, మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాడు. పక్క కేజ్‌లో ఒకడు రబ్బరు టీ (బంతి నిలిపే స్టాండు) మీద బంతి పెట్టుకుని, టీని ఒక్క అంగుళం బయటికి జరిపి, అదే దెబ్బ ఇరవైసార్లు కొడుతుంటాడు. ఇప్పుడు బంతి బ్యాటుని వదిలిన వేగం, లేచిన కోణం, బ్యాటు తిరిగిన తీరు అన్నీ కొలిచే యంత్రాలున్నాయి. ట్యాబ్లెట్ మీద అంకెలు అప్పటికప్పుడు వచ్చేస్తాయి. అంకెలు మంచివే. కానీ పందొమ్మిదేళ్లవాడికి ఏ అంకె ఎప్పుడు చెప్పాలో, ఏది దాచాలో యంత్రం చెప్పదు.

ఇంకో చిక్కు బ్యాటుతో ఉంది. కాలేజీల్లో లోహపు బ్యాటుతో ఆడతారు, ప్రొఫెషనల్ ఆటలో చెక్క బ్యాటే. 2011లో లోహపు బ్యాట్లకి కొత్త ప్రమాణం పెట్టి వాటి జోరు తగ్గించారు, ఆ ఏడాది నుంచి హోమ్‌రన్‌లు (మన సిక్సర్ల లాంటివి) ఒక్కసారిగా పడిపోయాయి. అయినా తేడా పూర్తిగా పోలేదు. అందుకే వేసవిలో మంచి ఆటగాళ్లని మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ లీగ్‌కి పంపుతారు, అక్కడ చెక్క బ్యాటుతోనే ఆడాలి. ఎవరిని ఏ వేసవి జట్టుకి పంపాలి, ఎవరిని పంపకుండా ఉంచి కండ పెంచమనాలి అన్నది కూడా కోచ్‌లు చూసుకోవాల్సిన పనే.

ఇక రిక్రూటింగ్. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుతాను. ఏటా అక్టోబరులో ఫ్లోరిడాలోని జుపిటర్ అనే ఊళ్లో హైస్కూల్ వయసు పిల్లల పెద్ద టోర్నమెంటు జరుగుతుంది. దాని ప్రత్యేకత గోల్ఫ్ బండ్లు. పక్కపక్కనే ఉన్న మైదానాల మధ్య స్కౌట్లు, కోచ్‌లు వందలకొద్దీ గోల్ఫ్ బండ్లలో తిరుగుతుంటారు. పేరున్న కుర్రాడు బ్యాటు పట్టాడంటే ఆ బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కంచె పక్కన ఆగుతాయి. వాడి వంతు అయిపోగానే ఇంకో మైదానానికి కదిలిపోతాయి. ఆ తర్వాత వచ్చే కుర్రాడికి ఖాళీ కంచె మాత్రమే కనిపిస్తుంది. పదహారేళ్ల పిల్లల మనసు మీద ఇదెలా పనిచేస్తుందో నేను చెప్పక్కర్లేదు.

వేసవంతా జార్జియాలోని లేక్‌పాయింట్ లాంటి చోట్ల ఇదే తంతు, అదీ మండుటెండలో. కోచ్‌లందరూ తమ యూనివర్సిటీ గుర్తు పెద్దగా ఉన్న చొక్కా వేసుకునే వస్తారు. దానికో కారణం ఉంది. 2023లో వచ్చిన నియమం ప్రకారం, కుర్రాడు 11వ తరగతిలో అడుగుపెట్టే ముందు ఆగస్టు 1 దాకా అతనితో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు. చూడొచ్చు, మాట్లాడకూడదు. కాబట్టి కంచె పక్కన కనిపించడమే కబురు. మీవాడి మ్యాచ్ ఉన్న ప్రతిచోటా అదే చొక్కా కనిపిస్తే ఆ కబురు అందినట్టే. అంతకుముందు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కూడా ఫలానా కాలేజీకి వెళ్తామని నోటిమాట ఇచ్చేసేవారు. మీసాలు రాని పిల్లాడు నాలుగేళ్ల తర్వాత ఎలా ఆడతాడో ఎవరికి తెలుసు? ఆ కోచ్ అప్పటికి అక్కడ ఉంటాడని మాత్రం ఏమిటి నమ్మకం? ఆ నియమం రావడం నాకు మంచిదే అనిపిస్తుంది.

ఇంతకీ కంచె పక్కన నిలబడి వాళ్లేం చూస్తారు? కొట్టిన దూరం, పరుగెత్తిన వేగం, విసిరిన బలం అందరికీ కనిపిస్తాయి, వాటికి గోల్ఫ్ బండి అక్కర్లేదు. అనుభవమున్న రిక్రూటర్ ముందే వచ్చి, మ్యాచ్ మొదలవకముందు చేసే కసరత్తు చూస్తాడు. స్ట్రయికౌట్ అయి డగౌట్‌కి (జట్టు కూర్చునే చోటుకి) నడిచే ఆ ముప్పై అడుగులు చూస్తాడు. హెల్మెట్ విసిరేశాడా, అంపైర్ వైపు గుర్రుగా చూశాడా, లేక తర్వాత వచ్చేవాడికి పిచర్ ఏం వేస్తున్నాడో చెప్పి వెళ్లాడా? మ్యాచ్ అయ్యాక పార్కింగ్‌లో చూస్తాడు. బ్యాగు అమ్మ మోస్తోందా, వాడే మోసుకుంటున్నాడా? మన ఇళ్లలో ఈ విషయంలో కొంచెం ఇబ్బందే సుమా. పిల్లాడి బ్యాగు, బ్యాటు, నీళ్ల సీసా అన్నీ మనమే మోస్తాం, పైగా వాడికి అరటిపండు ఒలిచి నోట్లో పెడతాం.

తర్వాత లెక్కలు. చాలా ఏళ్ల పాటు పైస్థాయి కాలేజీ బేస్‌బాల్ జట్టుకి ఎన్ని స్కాలర్‌షిప్‌లో తెలుసా? 11.7. అవును, దశాంశంతో సహా. అమెరికన్ ఫుట్‌బాల్‌కి 85 పూర్తి స్కాలర్‌షిప్‌లున్న రోజుల్లో బేస్‌బాల్‌కి 11.7. దాన్ని గరిష్ఠంగా 27 మందికి పంచొచ్చు, పుచ్చుకున్నవాళ్లలో ప్రతివాడికీ కనీసం 25 శాతం ఇవ్వాలి. 27 మందికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి 43 శాతం. జట్టులో 35 మంది ఉండేవారు, మిగిలిన ఎనిమిది మందికి సున్నా. అంటే రిక్రూటర్ సగం గుమాస్తా. ఈ కుర్రాడికి చదువు మీద ఎంత సాయం వస్తుంది, సొంత రాష్ట్రం వాడైతే ఫీజు ఎంత తగ్గుతుంది, మిగిలింది ఆటమీద ఎంతిస్తే వీళ్ల నాన్న తట్టుకోగలడు? ఇవన్నీ బుర్రలో వేసుకుని ఆ సోఫాలో కూర్చోవాలి. 2025-26 నుంచి ఈ పద్ధతి మారింది. నిబంధనలకి ఒప్పుకున్న కాలేజీలు జట్టుని 34 మందికి పరిమితం చేసి, స్థోమత ఉంటే అందరికీ స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. స్థోమత ఉంటే. ఆ మాట దగ్గరే పెద్ద కాలేజీలూ చిన్న కాలేజీలూ విడిపోతున్నాయి.

ఇంత కష్టపడి తెచ్చుకున్నవాణ్ని జూలైలో ప్రొఫెషనల్ జట్టు తన్నుకుపోవచ్చు. హైస్కూల్ ముగియగానే డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే చోట, ఎంపికైతే వాడు కాలేజీ మానేసి డబ్బు తీసుకుని వెళ్లొచ్చు. నాలుగేళ్ల కాలేజీలో చేరాడంటే మామూలుగా మూడేళ్లు పూర్తయ్యేదాకానో, 21 ఏళ్లు నిండేదాకానో మళ్లీ డ్రాఫ్ట్‌కి అర్హత లేదు. అందుకే ప్రతిభ ఉన్నా తక్కువ డబ్బు దొరికేవాళ్లు కాలేజీ వైపు మొగ్గుతారు. మనకి కాస్త దగ్గరి ఉదాహరణ కుమార్ రాకర్. తండ్రి ఫుట్‌బాల్ కోచ్ ట్రేసీ రాకర్, తల్లి వైపు వాళ్లు ఇండియా నుంచి వలస వచ్చినవాళ్లు. 2018లో కొలరాడో వాళ్లు 38వ రౌండ్‌లో ఎంచుకుంటే కాదని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరాడు. మరుసటి ఏడాదే డ్యూక్ జట్టు మీద ఒక్క హిట్ ఇవ్వకుండా 19 మందిని స్ట్రయికౌట్ చేశాడు. 2022 డ్రాఫ్ట్‌లో మన టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలో తీసుకున్నారు. 38వ రౌండ్ నుంచి మూడో స్థానానికి. ఇలాంటి పేర్లు చెప్పే రిక్రూటర్లు అమ్మానాన్నలని ఒప్పిస్తారు. ఒప్పించి తెచ్చినవాళ్లలో ఇలా కానివాళ్లే ఎక్కువ, ఆ పేర్లు చెప్పరు.

ఇప్పుడు విటెల్లో దగ్గరికి వద్దాం. సెయింట్ లూయిస్‌లో పుట్టాడు, 1978లో. తండ్రి గ్రెగ్ అక్కడి డి స్మెట్ హైస్కూల్లో దశాబ్దాల పాటు బేస్‌బాల్, సాకర్ రెండూ నేర్పిన కోచ్. కొడుకు మిస్సోరీ యూనివర్సిటీకి 2000 నుంచి 2002 దాకా ఆడాడు. గొప్పగా ఏం ఆడలేదు. డ్రాఫ్ట్‌లో ఎవరూ అడగలేదు. మరుసటి ఏడాది అదే జట్టులో టిమ్ జేమీసన్ కింద అసిస్టెంట్‌గా కుదిరాడు, 2010 దాకా అక్కడే. ఆ కాలంలో ఆ జట్టులో ఉన్న ఒక కుర్రాడి పేరు మాక్స్ షెర్జర్. సెయింట్ లూయిస్ వాడే. 2003లో సొంతూరి కార్డినల్స్ 43వ రౌండ్‌లో ఎంచుకుంటే వెళ్లకుండా మిస్సోరీకి వచ్చాడు, 2006లో దేశంలో 11వ వాడిగా డ్రాఫ్ట్ అయ్యాడు, ఆ తర్వాత ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు మూడుసార్లు గెలిచాడు. బ్యాటింగ్ కోచ్ గురించి చెబుతూ పిచర్ పేరెత్తానేమిటని అనుకోవద్దు. పెద్ద పేరు లేని కాలేజీలో కూడా కుర్రాడు ఎదుగుతాడు అని చెప్పుకోవడానికి ఆయనకి దొరికిన మొదటి సాక్ష్యం అది.

2011లో మన పక్కనే ఉన్న టీసీయూకి వచ్చాడు. జిమ్ ష్లాస్‌నేగల్ దగ్గర మూడు సీజన్లు చేసి, 2013 తర్వాత వెళ్లిపోయాడు. ఆ వెంటనే 2014 నుంచి 2017 దాకా టీసీయూ వరసగా నాలుగేళ్లు ఒమాహాలో జరిగే, జాతీయ టైటిల్ తేల్చే కాలేజీ వరల్డ్ సిరీస్‌కి వెళ్లింది. విటెల్లో ఉన్న రోజుల్లో చేరినవాళ్లలో బ్రాండన్ ఫినెగన్ ఒకడు. ఫోర్ట్‌వర్త్ కుర్రాడే. 2014 జూన్‌లో టీసీయూ తరఫున కాలేజీ వరల్డ్ సిరీస్‌లో, అదే ఏడాది అక్టోబరులో కాన్సస్ సిటీ తరఫున అసలు వరల్డ్ సిరీస్‌లో, అంటే మేజర్ లీగ్ ఫైనల్లో, బంతి వేశాడు. ఒకే ఏడాది ఆ రెండూ చేసినవాడు అంతకుముందు ఎవరూ లేరు. ఆ రెండింటినీ విటెల్లో వేరే చోటునుంచి చూడాల్సి వచ్చింది. చెట్టు నాటేది ఒకడు, పండు తినేది ఇంకొకడు అంటారే, రిక్రూటర్ బతుకు అచ్చంగా అదే.

2014 నుంచి ఆర్కన్సా. డేవ్ వాన్ హార్న్ దగ్గర హిట్టింగ్ కోచ్, రిక్రూటింగ్ బాధ్యుడు. ఇక్కడ ఆయనకి దొరికిన కుర్రాడు ఆండ్రూ బెనిన్‌టెండి. ఒహాయో నుంచి వచ్చాడు, పెద్ద ఎత్తేమీ కాదు, ఎడమచేతి వాటం. మొదటి ఏడాది గాయాల మధ్య .276 సగటు, ఒకే ఒక్క హోమ్‌రన్. రెండో ఏడాది .376 సగటు, 20 హోమ్‌రన్‌లు, దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ స్పైక్స్ అవార్డు, డ్రాఫ్ట్‌లో ఏడో స్థానం. ఒకటి ఇరవై అయ్యింది. బెనిన్‌టెండి ఆర్కన్సాకి సంతకం చేసేనాటికి విటెల్లో ఇంకా అక్కడికి రాలేదు. కాబట్టి వాణ్ని తెచ్చిన ఘనత ముందున్నవాళ్లది, ఈయన వాటా కేజ్‌లో మాత్రమే. ఆ వాటా కూడా ఎంతో ఎవరూ తూచి చెప్పలేరు. కుర్రాడి గాయం తగ్గింది, కండ పెరిగింది, ఒక ఏడాది వయసు పెరిగింది. కోచ్‌లకి ఇచ్చే పొగడ్తలో ఎప్పుడూ కొంత భాగం కాలానికి చెందాల్సిందే. కాకపోతే, కాలం అందరికీ గడుస్తుంది, ఒకటి అందరికీ ఇరవై కాదు.

తెచ్చినవాళ్ల సంగతికొస్తే, అమరిల్లో నుంచి హెస్టన్ కియర్‌స్టాడ్ లాంటి కుర్రాళ్లు ఆర్కన్సాకి ఒప్పుకున్నది విటెల్లో ఉన్నప్పుడే. వాళ్లు క్యాంపస్‌లో అడుగుపెట్టేలోపు, 2017 జూన్‌లో, ఈయన టెనెసీకి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. మరుసటి ఏడాదే ఆర్కన్సా జాతీయ ఫైనల్ ఆడింది. ఇంకొక్క ఔట్ దొరికితే టైటిల్, గాల్లోకి లేచిన తేలికైన బంతి ముగ్గురు ఆటగాళ్ల మధ్య నేలమీద పడింది. టైటిల్ ఒరెగాన్ స్టేట్‌కి వెళ్లింది. కియర్‌స్టాడ్ 2020లో దేశంలో రెండోవాడిగా డ్రాఫ్ట్ అయ్యాడు. అప్పటికీ మన కథానాయకుడు ఇంకో రంగు చొక్కాలో ఉన్నాడు.

టెనెసీ కథ అందరికీ తెలిసిందే కాబట్టి వేగంగా చెప్పేస్తాను. 2005 తర్వాత ఎన్‌సీఏఏ టోర్నమెంటు మొహం చూడని జట్టు. మొదటి ఏడాది 29 గెలుపులు, 27 ఓటములు. రెండో ఏడాది 40 గెలిచి టోర్నమెంటుకి, 2021లో ఒమాహాకి. 2022లో 57 గెలిచి 9 మాత్రమే ఓడారు. హోమ్‌రన్ కొట్టినవాడికి డగౌట్‌లో బొచ్చు కోటు తొడిగేవారు, దేశంలో సగం మందికి ఆ కోటు చూస్తేనే ఒళ్లు మండేది. అదే ఏడాది అంపైర్ని ఛాతీతో ఢీకొన్నందుకు విటెల్లోకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. కుర్రాళ్లు హెల్మెట్ విసిరితే తప్పు పట్టే ఉద్యోగంలో ఉండి ఇదేం పని అని నాకూ అనిపించింది. అంత గొప్ప జట్టు చివరికి సొంత మైదానంలో నోటర్‌డేమ్ చేతిలో ఓడి, ఒమాహా చేరకుండానే ఇంటికి పోయింది.

2024లో మాత్రం పట్టేశారు. 60 గెలుపులు, 184 హోమ్‌రన్‌లు. ఒక సీజన్‌లో అంతకన్నా ఎక్కువ కొట్టింది 1997 నాటి ఎల్ఎస్‌యూ ఒక్కటే, 188. ఆ జట్టుని చూస్తే రిక్రూటర్ పనితనం తెలుస్తుంది. 34 హోమ్‌రన్‌లు కొట్టిన క్రిస్టియన్ మూర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వాడు. ఫైనల్ మూడు మ్యాచ్‌ల్లోనూ హోమ్‌రన్ కొట్టి, సిరీస్ ఉత్తముడిగా నిలిచిన డిలన్ డ్రైలింగ్ కాన్సస్‌లో హేస్ అనే చిన్న ఊరివాడు. బేస్‌బాల్ కుర్రాళ్ల కోసం అందరూ టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా చుట్టూ తిరిగేటప్పుడు బ్రూక్లిన్‌లోనూ హేస్‌లోనూ వెతకడం ఆషామాషీ కాదు. ఫైనల్లో ఎదుటి జట్టు టెక్సస్ ఎ అండ్ ఎం. వాళ్ల హెడ్ కోచ్ ఎవరో తెలుసా? టీసీయూలో విటెల్లోకి ఒకప్పటి బాస్, అదే ష్లాస్‌నేగల్. మొదటి మ్యాచ్ గురువుది, తర్వాతి రెండూ శిష్యుడివి, చివరిది 6-5తో. మరునాడే గురువుగారు ఎ అండ్ ఎం వదిలేసి ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి వెళ్లిపోతున్నారన్న వార్త వచ్చింది. ఈ హాల్లో ఎ అండ్ ఎం వాళ్లుంటే క్షమించాలి, ఆ పుండు ఇంకా మానలేదని తెలుసు.

ఈ పద్ధతినంతా ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చే జాబితా) తిరగరాస్తోంది. పూర్వం కాలేజీ మారితే ఒక ఏడాది ఆట లేకుండా కూర్చోవాలి. 2021లో ఆ శిక్ష తీసేశారు. అదే ఏడాది జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరుమీద డబ్బు సంపాదించుకోవడానికీ ఒప్పుకున్నారు. కుర్రాళ్లకి మంచిదే, కోచ్‌లు రాత్రికి రాత్రి ఊరు మారుస్తుంటే పిల్లల్ని కట్టేసి ఉంచడం న్యాయం కాదు. కానీ రిక్రూటర్ పని తలకిందులైంది. టెనెసీ నుంచి 2025లో మొదటి రౌండ్‌లో డ్రాఫ్ట్ అయిన గావిన్ కిలెన్ లూయిస్‌విల్ నుంచి వచ్చినవాడు, లియమ్ డోయిల్‌కి టెనెసీ మూడో కాలేజీ, ఆండ్రూ ఫిషర్‌కీ మూడోదే. పదిహేనేళ్లప్పుడు కంచె పక్కన నిలబడి చూసి, మూడేళ్లు కేజ్‌లో పెంచే పని స్థానంలో, ఇరవై ఏళ్లవాడి అంకెలు చూసి జూన్‌లో ఫోన్ చేసే పని వచ్చింది. ఒక ఏడాదే ఉండేవాడికి బ్యాటింగ్ ఎంత మార్చగలరు? చాలామంది కోచ్‌లు మార్చరు, ఉన్నదాన్ని చెడగొట్టకుండా ఆడిస్తారు. అది కూడా ఒక నైపుణ్యమే అనుకోండి.

అయితే పాత పద్ధతి పూర్తిగా చచ్చిపోలేదు. విటెల్లో టీసీయూలో ఉన్నప్పుడు అక్కడ ఒక క్యాచర్ ఉండేవాడు, జాష్ ఎలాండర్. 2012లో డ్రాఫ్ట్ అయి కొన్నేళ్లు ప్రొఫెషనల్‌గా ఆడాడు. 2018 నుంచి టెనెసీలో విటెల్లో దగ్గర హిట్టింగ్ కోచ్, రిక్రూటింగ్ బాధ్యుడు. అంటే గురువు ఆర్కన్సాలో చేసిన పనే ఇతనికి టెనెసీలో దక్కింది. పైన చెప్పిన ఆ 184 హోమ్‌రన్‌ల జట్టుకి కేజ్‌లో బంతులు విసిరింది ఇతనే. 2025 అక్టోబరులో విటెల్లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లగానే టెనెసీ వాళ్లు ఇతన్నే హెడ్ కోచ్ చేశారు.

చివరిగా అమ్మానాన్నలకి ఒక మాట. రేపెప్పుడైనా ఒక రిక్రూటర్ మీ ఇంటికొస్తే, మర్యాదగా కాఫీ ఇచ్చి, స్కాలర్‌షిప్ ఎంత శాతమో అడగడానికి ముందు ఇంకో ప్రశ్న అడగండి. "మావాడికి బ్యాటింగ్ నేర్పేది మీరేనా, ఇంకొకరా?" మీరే అయితే, పోయిన మూడేళ్లలో మీరు తెచ్చిన కుర్రాళ్లలో ఇంకా జట్టులో ఉన్నవాళ్లెవరు, వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారు అని అడగండి. ఆ వెళ్లిపోయినవాళ్లలో ఒకరి తల్లిదండ్రుల ఫోన్ నంబర్ ఇప్పిస్తారా అని కూడా అడగండి. మంచి రిక్రూటర్ ఇప్పిస్తాడు. కొందరు నీళ్లు నములుతారు. ఆ నమలడం దగ్గరే మీకు జవాబు దొరికినట్టు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఇక ప్రశ్నలుంటే అడగండి. క్రికెట్ గొప్పదా బేస్‌బాల్ గొప్పదా అన్న ప్రశ్న మాత్రం టీ తాగేటప్పుడు బయట తేల్చుకుందాం.